హలూమి చీజ్ కొనడం, వండడం: తరచుగా అడిగే ప్రశ్నలు

తెలుగువాళ్ల వంటిళ్లలోకి హలూమి రెండు దారుల్లో వస్తోంది. గల్ఫ్‌లోనో బ్రిటన్‌లోనో ఉండి రుచి మరిగినవాళ్లు ఇక్కడికి వచ్చాక దాని కోసం వెతుక్కుంటారు. ఇక్కడివాళ్లు ఏ కెఫేలోనో ఒక ముక్క తిని ముచ్చటపడి, ఇంట్లో చేసుకుంటే ఉప్పగా, రబ్బరులా వచ్చిందని వాపోతారు. ఇద్దరూ అడిగే ప్రశ్నలు ఇంచుమించు అవే. మళ్లీ మళ్లీ చెప్పే బదులు ఒకచోట రాసిపెడుతున్నాను. కొనే ముందు నుంచి ఇంట్లో తయారీ దాకా దశలవారీగా ఉన్నాయి. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తి, కనుక మీ సందేహం ఎక్కడుంటే నేరుగా అక్కడికే వెళ్లండి.

## కొనే ముందు

అసలు హలూమి అంటే ఏమిటి? ఏ దేశానిది?

మధ్యధరా సముద్రంలోని సైప్రస్ ద్వీపపు చీజ్ ఇది. గొర్రెపాలు, మేకపాలు కలిపి చేయడం పాత పద్ధతి. ఆవుపాల వాడకం ఇరవయ్యో శతాబ్దంలో పెరిగింది. పదహారో శతాబ్దపు నడిమి కాలంలో ఆ ద్వీపం చూసిన ఇటలీవాళ్లు తమ రాతల్లో దీన్ని ప్రస్తావించారు. గ్రీకు మాట్లాడే సైప్రస్‌వాసులు హలూమి అంటారు, టర్కిష్ మాట్లాడేవాళ్లు హెల్లిమ్ అంటారు. 1974 నుంచి ద్వీపం రెండుగా చీలి ఉన్నా, ఉదయం రొట్టెలోకి అటూ ఇటూ ఇదే. తెల్లగా, గట్టిగా, ఒక పక్క మడత పెట్టిన గుర్తుతో ఉంటుంది. మడతలో ఎండు పుదీనా నలుసులు కనిపిస్తాయి. పెనం మీద వేస్తే కరిగి పారదు. పైన బంగారు రంగు పెచ్చు కట్టి, లోపల మెత్తబడుతుంది. దాని పేరు ప్రతిష్ఠలన్నీ ఈ గుణం వల్ల వచ్చినవే.

చూడడానికి పన్నీరులాగే ఉంది. ఇంత ధర పెట్టి ఇదెందుకు కొనాలి?

కూరలోకి అయితే కొనకండి, డబ్బు దండగ. పన్నీరు పులుపుతో విరిచిన పాలముద్ద. అందులో ఉప్పు ఉండదు, చప్పగా ఉండి మసాలా రుచిని ఇముడ్చుకుంటుంది. దాని గొప్పతనం ఆ చప్పదనమే. హలూమిని రెన్నెట్ అనే ఎంజైముతో గడ్డకట్టించి, నొక్కి, దాని విరుగుడు నీటిలోనే ఉడికించి, ఉప్పు పట్టిస్తారు. దానికి సొంత రుచి ఉంది, సొంత ఉప్పు ఉంది, ఇంకొకరి రుచిని అది పట్టించుకోదు. పొడి పెనం మీద కాల్చి వేడివేడిగా రొట్టెతోనో పండుతోనో తినాలనిపిస్తే హలూమి కొనండి. దాన్ని ఖరీదైన పన్నీరు అనుకున్నవాళ్లే ఎక్కువగా నిరాశపడతారు.

ఎంత కాల్చినా ఇది కరగదెందుకు?

మామూలుగా చీజ్ చేసేటప్పుడు పాలలో ప్రత్యేకమైన బ్యాక్టీరియాను తోడు వేస్తారు. అది పాలను పులియబెడుతుంది. ఆ పులుపుకు ప్రొటీన్లను పట్టి ఉంచే కాల్షియం కొంత వదిలిపోతుంది, అల్లిక సడలుతుంది, వేడి తగలగానే చీజ్ కరిగి సాగుతుంది. హలూమికి సాధారణంగా తోడు వెయ్యరు. పులుపు చేరదు, కాల్షియం ఉన్నచోటే ఉంటుంది. పైగా నొక్కిన గడ్డలను 90 డిగ్రీలకు పైబడిన విరుగుడు నీటిలో కనీసం అరగంట ఉడికిస్తారు. అక్కడే ప్రొటీన్ అల్లిక బిగుసుకుపోతుంది. అంత వేడి ఒకసారి చూసిన చీజ్‌కు మీ పెనం వేడి కొత్తేమీ కాదు. మెత్తబడుతుందే తప్ప జారదు. పిజ్జా మీద వేసి తీగలు సాగుతాయని ఎదురుచూడకండి.

నమిలితే పళ్ల కింద కిర్రుమంటోంది. పాడైపోయిందా?

లేదు, అది మంచి హలూమి లక్షణం. చిక్కగా అల్లుకున్న ప్రొటీన్ పోగులు పంటి పైపొరకు రాసుకున్నప్పుడు ఆ చప్పుడు వస్తుంది. వేడి మీద తగ్గుతుంది, చల్లారితే మళ్లీ మొదలవుతుంది. కొందరికి ఆ చప్పుడే ఇష్టం, కొందరికి ఒళ్లు జలదరిస్తుంది.

లోపల ఆకుపచ్చ నలుసులు ఉన్నాయి, బూజా?

కాదు, ఎండు పుదీనా. వేడి గడ్డ మీద ఉప్పుతో పాటు చల్లి మడత పెడతారు. చీజ్‌ను పుదీనా ఆకుల్లో పెడితే చెడకుండా ఉంటుందన్న పాత నమ్మకం నుంచి ఈ అలవాటు వచ్చిందంటారు. బూజు అయితే నూగులా, మసక రంగులో పైకి లేచి ఉంటుంది, ముక్కిపోయిన వాసన వేస్తుంది.

## కొనేటప్పుడు

హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో ఎక్కడ దొరుకుతుంది?

వీధి చివరి కిరాణా కొట్లో దొరకదు. విదేశీ సరుకులు పెట్టే పెద్ద సూపర్ మార్కెట్లలో చీజ్ ఫ్రిజ్ దగ్గర చూడండి. సరుకులు ఇంటికి తెచ్చే యాప్‌లలోనూ వెతకండి. మన దేశంలోనే చిన్న ఎత్తున చీజ్ తయారుచేసేవాళ్లు కొందరు ఆవుపాలతోనో గేదెపాలతోనో హలూమి చేసి, ఐసు ప్యాకెట్లతో కొరియర్ పంపుతున్నారు. దిగుమతి సరుకు కన్నా ఇదే తాజాగా దొరికే అవకాశం ఎక్కువ. హైదరాబాద్‌లో కాస్త సులువు. మిగతా ఊళ్లలో బయల్దేరే ముందు దుకాణానికి ఫోను చేసి అడగండి, ఇలాంటి సరుకు ఒక వారం ఉంటుంది, మరో వారం ఉండదు. ఆన్‌లైన్‌లో వెతికేటప్పుడు ఇంగ్లిషు అక్షరాల్లో రెండు ఎల్‌లతో ఒకసారి, ఒకే ఎల్‌తో ఒకసారి రాసి చూడండి. అమ్మేవాళ్లు రెండు రకాలుగానూ రాస్తున్నారు.

మేం గల్ఫ్‌లో ఉంటాం. ఇక్కడ చవకగా దొరికేది అసలుదేనా?

గల్ఫ్‌లో ఏ సూపర్ మార్కెట్‌లో చూసినా పాల సరుకుల ఫ్రిజ్‌లో హలూమి ఉంటుంది. అరబ్బుల ఉదయపు భోజనంలో దానికి ఎప్పటి నుంచో చోటుంది. అక్కడ దొరికేదాంట్లో చాలా భాగం ఆ చుట్టుపక్కల దేశాల్లో ఆవుపాలతో చేసినదే. మెత్తగా, ఉప్పు తక్కువగా ఉంటుంది. సైప్రస్ సరుకు కాదన్నంత మాత్రాన నకిలీ అనలేం, ఆ ప్రాంతపు తీరు అది. మొదటిసారి తినేవాళ్లకు, పిల్లలకు ఇదే నయం. గొర్రెపాల గాఢమైన రుచి కావాలంటే ప్యాకెట్ మీద సైప్రస్ పేరు చూసి, రెండింతలు చెల్లించి తెచ్చుకోండి.

బ్రిటన్‌లో, అమెరికాలో ఎలా?

బ్రిటన్‌లో వెతకాల్సిన పనే లేదు. సైప్రస్ వెలుపల హలూమిని అందరికన్నా ఎక్కువగా కొనేది బ్రిటనే, ఏ సూపర్ మార్కెట్‌లోనైనా ఉంటుంది. అమెరికాలో మొజరెల్లా ఉండే అర దగ్గర వెతికి లేదని వచ్చేస్తారు చాలామంది. విడిగా పెట్టే ప్రత్యేక చీజ్‌ల బల్ల దగ్గరో, అరబ్బు, గ్రీకు సరుకుల దుకాణాల్లోనో చూడండి. పక్కనే బ్రెడ్ చీజ్ అని గోధుమరంగు మచ్చలతో ఒకటి కనబడుతుంది. అది ఫిన్లండ్ తరహాది, కరగదు గానీ కాస్త తియ్యగా ఉంటుంది. లాటిన్ అమెరికావాళ్లు వేయించుకునే కేసో పారా ఫ్రెయిర్ మాత్రం అవసరానికి బాగానే పనికొస్తుంది, ధర కూడా తక్కువ.

ప్యాకెట్ మీద ఏమేమి చూడాలి?

ముందు దినుసుల జాబితా. పాలు, ఉప్పు, రెన్నెట్, పుదీనా, ఇంతే ఉండాలి. పిండిపదార్థమో వనస్పతి నూనెయో కనబడితే పక్కన పెట్టేయండి. పాల వరుస కూడా గమనించండి. ఏది ముందు రాస్తే అదే ఎక్కువ ఉన్నట్టు. ఆవుపాలు ముందుంటే రుచి మృదువు, గొర్రె, మేకపాలు ముందుంటే ఘాటు.

తర్వాత ముద్ర. 2021 ఏప్రిల్‌లో ఐరోపా సమాఖ్య హలూమిని సైప్రస్‌కు చెందిన రక్షిత పేరుగా నమోదు చేసింది. అదే సంవత్సరం అక్టోబరు నుంచి ఆ రక్షణ అమలులోకి వచ్చింది. మన తిరుపతి లడ్డూకు ఉన్న భౌగోళిక గుర్తింపు లాంటిదే. ఎరుపు, పసుపు రంగుల గుండ్రని ముద్ర ఉంటే సైప్రస్‌లో ఆ నిబంధనల ప్రకారం చేసినదని అర్థం. గొర్రె, మేకపాల వాటా ఆవుపాల కన్నా ఎక్కువ ఉండాలన్నది అందులో పెద్ద నిబంధన. అక్కడ ఏళ్ల తరబడి గొడవ నడిచింది కూడా దాని మీదే, ఎందుకంటే డెయిరీలకు ఆవుపాలు చవక, ఏడాది పొడుగునా దొరుకుతాయి. అందుకే మారడానికి వాళ్లకు గడువు ఇచ్చారు. ముద్ర ఉండి కూడా ఆవుపాలు ముందున్న ప్యాకెట్లు కనబడటానికి కారణం అదే.

శాకాహారులం. రెన్నెట్ అంటే దూడ కడుపులోంచి తీసేది కదా?

పూర్వం అంతే. పాలు తాగే వయసు దూడల, మేకపిల్లల కడుపు పొర నుంచి తీసేవారు. ఇప్పుడు సూక్ష్మజీవుల నుంచి తయారయ్యే రెన్నెట్ విరివిగా వాడుతున్నారు, ఎగుమతి అయ్యే సరుకులో చాలావరకు అదే. అయినా ఊహించుకుని కొనకండి. మన దేశంలో అమ్మే ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క ఉందో లేదో చూడండి. విదేశాల్లో అయితే శాకాహారులకు తగినదన్న మాట కోసం వెతకండి. ఉత్త రెన్నెట్ అని రాసి ఊరుకుంటే, పట్టింపు ఉన్నవాళ్లు వదిలేయడమే మంచిది.

తాజాది, ముదిరినది అని రెండు రకాలు ఉన్నాయా?

ఉన్నాయి. మనకు దుకాణాల్లో కనబడేది దాదాపు ఎప్పుడూ తాజాదే. ముదిరినదాన్ని కనీసం 40 రోజులు ఉప్పునీటిలో ఊరబెడతారు. తాజాదాంట్లో తేమ 46 శాతం వరకు ఉండవచ్చు, ముదిరినదాంట్లో 37 శాతం దాటకూడదు. ముదిరింది గట్టిగా, బాగా ఉప్పగా, ఘాటుగా ఉంటుంది. దాన్ని కాల్చరు, పాస్తా మీద తురుముకుంటారు.

## ఇంటికి తెచ్చాక

ప్యాకెట్ విప్పకపోతే ఎన్నాళ్లు ఉంటుంది? విప్పాక ఎన్నాళ్లు?

గాలి చొరబడని ప్యాకెట్‌లో, ఫ్రిజ్‌లో నెలల తరబడి నిలుస్తుంది. ప్యాకెట్ మీది తేదీయే ప్రమాణం. విప్పాక వారంలోపు ముగించండి. మూతున్న గాజు డబ్బాలో ఉప్పునీళ్లు పోసి ముక్కను పూర్తిగా మునిగేట్టు ఉంచాలి, పైకి తేలిన అంచు ముందుగా పాడవుతుంది. కాచి చల్లార్చిన అరలీటరు నీటికి రెండు, మూడు చెంచాల ఉప్పు సరిపోతుంది. జిగురు తగిలినా, పుల్లటి వాసన వచ్చినా పారేయండి. మన ఎండాకాలంలో కరెంటు పోయి ఫ్రిజ్ గంటల తరబడి ఆగిపోతే, ఉప్పు ఉంది కదా అని ధీమాగా ఉండొద్దు.

డీప్ ఫ్రీజర్‌లో పెట్టవచ్చా?

పెట్టవచ్చు. బిళ్లలుగా కోసి, తడి ఒత్తి, పొరకు పొరకు మధ్య కాగితం ఉంచి పెడితే కావలసినన్ని తీసుకోవచ్చు. కరిగాక కాస్త పొడిపొడిగా మారుతుంది. కాల్చి తినడానికి ఇబ్బంది ఉండదు, పచ్చిగా తినడానికి బాగుండదు.

నోట్లో పెట్టుకోలేనంత ఉప్పగా ఉంది. ఏం చేయాలి?

బిళ్లలుగా కోసి మంచినీటిలో నానబెట్టండి. అరగంటకే తేడా తెలుస్తుంది. మధ్యలో ఒకసారి నీళ్లు మారిస్తే ఇంకా మేలు. తొందరగా కావాలంటే మరిగిన నీళ్లు పోసి పది నిమిషాలు వదిలేయండి. ఎలా నానబెట్టినా, పెనం మీద వేసే ముందు పొడి గుడ్డతో రెండు వైపులా గట్టిగా ఒత్తాలి. నానబెట్టి తడితోనే వేస్తే అది వేగదు, ఉడుకుతుంది. ఉప్పు మొత్తం పోవాలని రాత్రంతా నానబెట్టేవాళ్లూ ఉన్నారు. అలా చేస్తే రుచి కూడా నీళ్లలోకి పోతుంది. కొంత ఉప్పు ఉండనిచ్చి, పక్కన ఉప్పు లేనిదేదైనా పెట్టుకోవడమే సరైన పద్ధతి.

కోస్తుంటే బిళ్ల రెండుగా విడిపోతోంది. కత్తి తప్పా?

కత్తిది కాదు, మడతది. హలూమిని వేడి మీద రెండుగా మడుస్తారు కనుక గడ్డ పక్కన సన్నని గీత ఉంటుంది. అడ్డంగా కోస్తే ప్రతి బిళ్లలోనూ ఆ గీత వస్తుంది, పెనం మీద తిప్పేటప్పుడు విడిపోతుంది. ముందే ఆ గీత దగ్గర చేత్తో విప్పి రెండు పలకలు చేసుకోండి. తర్వాత ఒక్కో పలకను విడిగా కోసుకోండి.

## పెనం మీద

ఎంత మందం కోయాలి? ఎంతసేపు కాల్చాలి?

చిటికెన వేలి మందం, అంటే సుమారు ఒక సెంటీమీటరు. అంతకన్నా పలుచనైతే ఎండి కరకరలాడుతుంది. మరీ మందమైతే పైన మాడినా లోపల వేడెక్కదు. మధ్యస్థం కన్నా కాస్త ఎక్కువ మంట మీద ఒక్కో వైపు రెండు నుంచి మూడు నిమిషాలు పడుతుంది.

గడియారం కన్నా చెవిని నమ్ముకోండి. బిళ్ల వేయగానే చుయ్‌మంటుంది. కాసేపటికి అంచుల నుంచి పాలరంగు నీళ్లు ఊరి చిన్న బుడగలు లేస్తాయి. కంగారు పడనక్కర్లేదు, దాన్ని కదపనూ వద్దు. ఆ నీళ్లు ఇగిరిపోగానే చప్పుడు మారుతుంది, తడి చుయ్‌మనడం పోయి పొడిగా చిటపటమంటుంది. అప్పుడు అంచు కింద సన్నగా గోధుమరంగు గీత కనిపిస్తుంది. అట్లకాడ దూరిస్తే దానంతట అదే లేచి వస్తుంది. తిప్పాక రెండో వైపు నీళ్లు ఊరవు కనుక ఇంకా త్వరగా రంగు వస్తుంది.

నూనె వేయాలా, వద్దా?

నాన్‌స్టిక్ పెనం అయితే అక్కర్లేదు. నూరు గ్రాముల్లో పాతిక గ్రాముల దాకా కొవ్వే ఉంటుంది, అందులోంచి వచ్చేది చాలు. నూనె ఎక్కువైతే పెచ్చు కట్టదు, మెత్తగా జిడ్డోడుతుంది. స్టీలు పెనం అయితే చెంచాడు నూనె రాయండి.

మా దోసె పెనం మీద వేస్తే అతుక్కుపోయింది. ఇనుప పెనం పనికిరాదా?

భేషుగ్గా పనికొస్తుంది. నాన్‌స్టిక్ కన్నా మంచి రంగు ఇనుప పెనం మీదే వస్తుంది. రోజూ దోసెలు పోసి నునుపు తేలిన పెనం కావాలి, బిళ్ల వేసే ముందు అది బాగా కాలి ఉండాలి. ఉల్లిపాయ ముక్కతో నాలుగు చుక్కల నూనె రుద్దండి. అతుక్కోవడానికి మామూలుగా కారణాలు రెండే. బిళ్ల తడిగా ఉండటం ఒకటి, పెచ్చు కట్టక ముందే లేపాలని చూడటం రెండోది. ఇంకొక్క మాట, వెంటనే దోసె పోయాలనుకుంటే వేరే పెనం వాడండి. హలూమి ఉప్పు, పాలమరక పెనాన్ని పట్టుకుంటాయి, తర్వాతి దోసె లేవదు.

చల్లారితే రబ్బరులా అవుతోంది. మళ్లీ మెత్తబడేదెలా?

వేడి మీద సడలిన ప్రొటీన్ చల్లారేకొద్దీ బిగుసుకుంటుంది. అది దాని స్వభావం. కనుక అందరూ కూర్చున్నాకే పెనం మీద వేయండి, మిగతావన్నీ ముందే సిద్ధం చేసుకోండి. అయిదు, పది నిమిషాల్లో తినేయాలి. చల్లారినదాన్ని మళ్లీ పొడి పెనం మీద ఒక నిమిషం వేడి చేస్తే కొంత కోలుకుంటుంది. మైక్రోవేవ్‌లో మాత్రం పెట్టకండి, ఉన్న గట్టిదనానికి తోడు సాగుడు కూడా వస్తుంది.

ఎయిర్ ఫ్రయర్‌లో, బొగ్గుల మీద చేయవచ్చా?

ఎయిర్ ఫ్రయర్‌లో 200 డిగ్రీల దగ్గర ఎనిమిది, పది నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పాలి. బొగ్గుల మీద అయితే చాలా బాగుంటుంది. కమ్మీలకు నూనె రాసి, బిళ్లలు కొంచెం మందంగా కోయండి. పుల్లలకు గుచ్చాలంటే ఘనాలుగా కోసి అరగంట నీళ్లలో వేస్తే గుచ్చేటప్పుడు పగలవు.

వండకుండా తినకూడదా?

తినవచ్చు, తయారీలోనే ఉడికి ఉంటుంది. గల్ఫ్ తరహా మెత్తటిది పచ్చిగానే బాగుంటుంది. సైప్రస్ నుంచి వచ్చే గట్టి రకం పచ్చిగా తింటే ఉప్పు, కిర్రుచప్పుడు తప్ప ఏమీ తెలియదు. పలుచగా కోసి పండుతో తింటే ఫర్వాలేదు.

## దేనితో తినాలి

సైప్రస్‌లో వాళ్లు ఎలా తింటారు?

వేసవిలో పుచ్చకాయతో. చల్లటి తీపి ముక్క, దాని మీద ఉప్పటి హలూమి ముక్క, ఇంతకు మించి ఏమీ ఉండదు. ఉదయం గుడ్లతో, టమాటాతో, రొట్టెతో. పొగబెట్టిన పంది మాంసం లూంజాతో కలిపి రొట్టెలో పెట్టుకోవడం అక్కడ ప్రతి కెఫేలోనూ ఉంటుంది. రావియోలెస్ అని పిండి పొరల మధ్య హలూమి తురుము, గుడ్డు, పుదీనా పెట్టి, కోడి రసంలో ఉడికించి, పైన మళ్లీ హలూమి తురుముతారు. చలికాలంలో త్రహానాస్ ఉంటుంది. పులిసిన పాలలో గోధుమ రవ్వ ఉడికించి ఎండబెట్టి దాచుకుని, చలి రోజుల్లో చారులా కాచుకుంటారు. దించే ముందు అందులో హలూమి ముక్కలు వేస్తారు. మన చల్లమిరపకాయలు ఎండబెట్టే ఇంటి ఆడవాళ్లకు ఆ పని తీరు చెప్పకుండానే అర్థమవుతుంది. ఈస్టర్ పండుగకు ఫ్లావునెస్ అనే నింపుడు రొట్టెలు కాలుస్తారు, చాలా ఇళ్లలో వాటి పూర్ణంలోనూ హలూమి కలుపుతారు.

మన వంటల్లో ఎక్కడ కుదురుతుంది?

ఉప్పు లేనిచోట, తీపి ఉన్నచోట, వేడిగా తినేచోట కుదురుతుంది. ఎండాకాలంలో పుచ్చకాయ మనకూ ఉంది, మొదట అదే ప్రయత్నించండి. బంగినపల్లి మామిడి బిళ్ల మీద కాల్చిన హలూమి, పైన మిరియాల పొడి వేసుకుంటే నా దృష్టిలో పుచ్చకాయను మించిన జత. పెసరట్టులో ఉప్మాకు బదులు సన్నని బిళ్లలు రెండు మడిచి, బెల్లం వేసిన అల్లం పచ్చడితో తినండి. అట్టు పిండిలో ఉప్పు సగం వేస్తే చాలు. ముద్దపప్పు, నెయ్యి కలిపిన అన్నం పక్కన వడియాల చోట కరకరలాడే పలుచటి బిళ్లలు కూడా నప్పుతాయి, పప్పులో ఉప్పు తగ్గించడం మరవకపోతే. పుదీనా పచ్చడితో బాగుంటుంది, కానీ ఆ పచ్చడిలో ఉప్పు వేయకండి.

గోంగూర, ఆవకాయ, పులిహోర దగ్గరికి తీసుకెళ్లకండి. వాటిలో ఉప్పూ పులుపూ ముందే నిండుగా ఉన్నాయి. రెండూ పోట్లాడుకుని రెండూ పాడవుతాయి.

పాలకూర పన్నీరులో పన్నీరుకు బదులు వేస్తే?

వేయవచ్చు, ముక్కలు విరిగిపోవు కూడా. కానీ అది పులుసును పీల్చుకోదు, తన ఉప్పును పులుసులోకి వదులుతుంది. తినేసరికి కూర ఉప్పగా, ముక్క చప్పగా, గట్టిగా తేలుతుంది. తప్పనిసరైతే ముక్కలను నానబెట్టి, కాల్చి, కూరలో ఉప్పు వేయకుండా, దించాక పైన పెట్టండి.

అల్లం, వెల్లుల్లి, కారం పట్టించి ఊరబెట్టవచ్చా?

ఊరబెట్టినా లోపలికి ఏమీ ఎక్కదు, అంత బిగువు. పైన అంటిన మసాలా పెనం మీద మాడి చేదవుతుంది. ఉత్తగా కాల్చి, వేడి మీదే నిమ్మరసం, మిరియాలు, తేనె, నువ్వులు, మీకు నచ్చింది చల్లుకోండి.

బజ్జీలు వేయవచ్చా?

శనగపిండిలో ముంచి వేస్తే బ్రహ్మాండంగా వస్తాయి. పిండిలో ఉప్పు అసలు వద్దు, వాము వేయండి. చీజ్ కరిగి నూనెలోకి కారదు కనుక బాణలి పాడవదు. చల్లారనివ్వకుండా తినాలి.

## ఆరోగ్యం

బీపీ ఉంది. తినవచ్చా?

హలూమిలో నూరు గ్రాములకు సుమారు రెండున్నర నుంచి మూడు గ్రాముల ఉప్పు ఉంటుంది. పెద్దవాళ్లు రోజు మొత్తానికి అయిదు గ్రాముల లోపే తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నూరు గ్రాములు తింటే రోజు వాటాలో సగమో, అంతకన్నా ఎక్కువో అయిపోయినట్టే. దానిమీద పచ్చడి, పెరుగన్నం, అప్పడం ఉండనే ఉన్నాయి. నానబెట్టిన బిళ్లలు ఒకటి రెండు ఎప్పుడో ఒకసారి తినవచ్చేమో మీ డాక్టరును అడగండి. ఉప్పు పూర్తిగా మానమన్నవాళ్లు దీని జోలికి పోవద్దు.

ప్రొటీన్ కోసం రోజూ తింటే మంచిదేనా?

నూరు గ్రాముల్లో ఇరవై గ్రాములకు పైగా ప్రొటీన్ ఉన్న మాట నిజం. దాంతోపాటు సుమారు 320 కేలరీలు, పాతిక గ్రాముల కొవ్వు, బోలెడు ఉప్పు వస్తాయి. రోజూ తినాలంటే పన్నీరో పప్పో మేలు.

గర్భిణులు, చిన్నపిల్లలు తినవచ్చా?

పాశ్చరైజ్ చేసిన పాలతో తయారైందని ప్యాకెట్ మీద ఉంటే గర్భిణులు తినవచ్చు, వేడిగా కాల్చుకుని తింటే ఇంకా నిశ్చింత. ఏడాది నిండని పిల్లలకు పెట్టవద్దు, అంత ఉప్పు వాళ్లకు పడదు. కాస్త పెద్దపిల్లలకు నానబెట్టి, చిన్న ముక్కలు చేసి ఇవ్వండి. గట్టిగా ఉండే ముక్క గొంతుకు అడ్డం పడవచ్చు.

## ఇంట్లో తయారీ

నిమ్మరసంతో విరిచి హలూమి చేయవచ్చా?

నిమ్మరసంతో విరిస్తే వచ్చేది పన్నీరు. ఉప్పునీటిలో వేస్తే ఉప్పు పన్నీరు అవుతుంది, అంతే. పులుపు తగలని గడ్డ కావాలి కనుక రెన్నెట్ తప్పదు. సూక్ష్మజీవుల రెన్నెట్ బిళ్లలుగానో ద్రవంగానో ఆన్‌లైన్‌లో దొరుకుతుంది.

ఏ పాలు వాడాలి?

పాడి ఉన్నవాళ్ల దగ్గర తెచ్చిన చిక్కటి పాలు అన్నిటికన్నా మేలు. వాటిని 63 డిగ్రీల దగ్గర అరగంట ఉంచి చల్లార్చి వాడండి. మరిగించిన పాలు సరిగా గడ్డకట్టవు. కొవ్వు తీయని ప్యాకెట్ పాలు వాడితే చీజ్ తయారీకి అమ్మే కాల్షియం క్లోరైడ్ కొద్దిగా కలపాలి. నెలల తరబడి బయట నిలువ ఉండే అట్టపెట్టె పాలు పనికిరావు. గేదెపాలతో గడ్డ ఎక్కువ వస్తుంది, కాస్త నెయ్యి కమ్మదనం తగులుతుంది. ఊళ్లో మేకపాలు దొరికితే పావువంతు కలిపి చూడండి, సైప్రస్ రుచికి ఒక అడుగు దగ్గరవుతారు.

తయారీ పద్ధతి చెప్పండి.

నాలుగు లీటర్ల పాలకు సుమారు నాలుగు వందల గ్రాముల హలూమి వస్తుంది. థర్మామీటర్ ఉండాలి, చేతి అంచనా ఇక్కడ సరిపోదు.

పాలను 33 డిగ్రీలకు వేడి చేసి, తయారీదారు చెప్పినంత రెన్నెట్‌ను కాచి చల్లార్చిన పావు గ్లాసు నీళ్లలో కలిపి పోసి, అర నిమిషం కలిపి, కదపకుండా ముప్పావు గంట వదిలేయండి. కత్తి గుచ్చి పైకెత్తితే గడ్డ శుభ్రంగా చీలి, చీలికలో పసుపుపచ్చని నీరు ఊరితే సిద్ధమైనట్టు. సెంటీమీటరు ముక్కలుగా కోసి, నెమ్మదిగా కలుపుతూ ఇరవై నిమిషాల్లో 40 డిగ్రీలకు తీసుకురండి. ముక్కలు కుంచించుకుని చేతికి గట్టిగా తగులుతాయి. పలుచటి గుడ్డలో వడకట్టి, మూడు, నాలుగు కిలోల బరువు కింద గంటసేపు ఉంచండి. విరుగుడు నీరు ఒక్క చుక్క కూడా పారబోయకండి.

ఆ నీటిని 90 డిగ్రీలకు పైగా వేడి చేసి, నొక్కిన గడ్డను అరచేతి వెడల్పు ముక్కలుగా కోసి అందులో వేయండి. మొదట మునుగుతాయి, తర్వాత పైకి తేలతాయి. అరగంట నుంచి నలభై నిమిషాలు అదే వేడిలో ఉంచాలి. కంగారుపడి ముందే తీస్తే పెనం మీద కరుగుతుంది. పళ్లెంలోకి తీసి, ఇంకా వేడిగా ఉండగానే ఉప్పు, నలిపిన ఎండు పుదీనా చల్లి మడవండి. చల్లారాక మడిస్తే విరుగుతుంది. ఆరాక, కాచి చల్లార్చిన అదే విరుగుడు నీటిలో లీటరుకు నూరు గ్రాముల ఉప్పు కలిపి, ముక్కలు మునిగేట్టు ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాటి నుంచి కాల్చుకోవచ్చు.

విరుగుడు నీటి మీద తెల్లటి తరకలు తేలాయి. ఏం చేయాలి?

గడ్డలు వేయక ముందే చిల్లుల గరిటెతో తీసి గుడ్డలో వేలాడదీయండి. సైప్రస్‌లో దాన్ని అనారీ అంటారు. హలూమి చేసే ప్రతి ఇంటా ముందు తినేది అదే, వేడివేడిగా, తేనె పోసుకుని. మన ఇళ్లలో బెల్లం పాకం సరిపోతుంది. ఉప్పు కలపని నీరు మిగిలితే చపాతీ పిండి కలపండి, ఉప్పు కలిపినదాన్ని మొక్కలకు పోయవద్దు.